ఇంజిన్ ఆగిన చప్పుడు

జూన్ నెల. బూడో ఊళ్ళో
సూర్యుడు సముద్రం అంచుదాకా దిగి
ఏదో మరిచిపోయినవాడిలా వెనక్కి వస్తాడు.
రాత్రి అన్నది ఇక్కడ గడియారం చెప్పే మాట.
కిటికీ ఒప్పుకోదు.

ఆరో నంబరు మంచం మీద ఓడ్‌వార్.
కాడ్ చేపల వేటగాడు, అరవై రెండేళ్ళు.
ఊపిరితిత్తుల్లో చీము, గొంతులో గొట్టం,
అయిదు రోజులుగా కంటిమీద కునుకు లేదు.
మందిచ్చి పడుకోబెట్టిన గంటల్ని
నేను నిద్ర కింద జమకట్టను.
అది దీపం ఆర్పడం, అంతే.

నిద్ర లేనివాడికి పైకప్పు మీద పీతలు పాకుతాయి.
వేలు గాల్లోకెత్తి లెక్కపెడతాడు,
పట్టుకోమని నాకు సైగ చేస్తాడు.
మొదటి రాత్రి, లేవని చెప్పాను.
రెండో రాత్రి చెప్పలేదు.

మూడో రాత్రి ఒక కాగితం తీసుకుని
అతన్ని ఎవరెవరు లేపుతున్నారో రాశాను.
బీపీ పట్టీ, అరగంటకోసారి.
రక్తం కోసం ఒకరు,
ఆ రక్తం గడ్డకట్టిందని మళ్ళీ అదే ఒకరు.
చెత్తబుట్ట మూత, పంతొమ్మిది సార్లు.
మూడున్నరకి ఎవరో పకపకా నవ్వారు.
అది నేనే.
నాలుగింటికి స్నానం,
పొద్దుటి డ్యూటీవాళ్ళకి పని తేలికవుతుందని.
ఎవరు మొదలెట్టారో ఎవరికీ తెలియదు.

డాక్టర్ని అడిగి పట్టీ తీయించాను.
మణికట్టులో తీగ చెబుతూనే ఉన్న సంగతిని
ఇంకోసారి పిండి అడగడం దేనికి?
స్నానం పగటికి మార్చాను.
తూరిద్ రెండు రోజులు నాతో కాఫీ తాగలేదు.
నల్లటి చెత్త సంచులు కోసి కిటికీకి అతికించాను.
అలారాల గొంతు తగ్గించాను.
చెవుల్లో మెత్తటి బిరడాలు పెట్టి
నా చేతులతో చేసిన చీకటిని చూసి
కాస్త మురిసిపోయాను కూడా.

పది నిమిషాలు.
దిగ్గున లేచాడు. గుండె నూటముప్పై.
మంచం కమ్మీని రెండు చేతులా పట్టుకుని
చీకట్లో దేనికోసమో చెవులు రిక్కించాడు.
నిద్ర సుఖమెరుగదని సామెత.
ఎరగదేమో.
భయం మాత్రం ఎరుగుతుంది.

మర్నాడు రోస్ట్ దీవి నుంచి
పడవెక్కి వచ్చింది గున్‌వోర్, అతని భార్య.
సంగతంతా విని, కిటికీ సంచుల్ని చూసి,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.
"నలభై ఏళ్ళు ఇంజిన్ పక్కన పడుకున్నవాడమ్మా!
చప్పుడుకి లేవడు. చప్పుడు ఆగితే లేస్తాడు.
ఇంట్లో వంటింటి ఫ్యాను ఆపితే చాలు,
పడవ మునుగుతోందని చొక్కా వెతుక్కుంటాడు."

ఆ గోడ అవతల
బెడ్‌పాన్లు కడిగే యంత్రం ఉంది.
వార్డంతా తిట్టుకునే యంత్రం, డబడబలాడుతూ
మధ్యలో గొంతు సవరించుకుంటుంది.
ఆ రాత్రి బిరడాలు తీసేశాను.
తలుపు బెత్తెడు తెరిచి
ఖాళీ యంత్రాన్నే తిప్పాను,
అది ఆగేలోగా పరుగెత్తి మళ్ళీ తిప్పాను.

పదిహేడో పీత దగ్గర వేలు ఆగింది.
చెయ్యి కమ్మీ వదిలి
దుప్పటి మీదకి మెల్లగా జారింది.
రెండూ నలభై.
ఎవరికోసమో బేసిను పట్టుకొస్తున్న తూరిద్
గుమ్మంలో నిలబడి చూసి
మునివేళ్ళ మీద వెనక్కి వెళ్ళిపోయింది.
నాలుగూ పది దాకా పడుకున్నాడు.
మా చార్టులో ఆ గడి లేదు.
అంచున పెన్సిలుతో రాశాను: గంటన్నర.

పొద్దున్న
నాలుగో నంబరు మంచం మీది ముసలావిడ
పలక మీద రాసి చూపించింది:
"రాత్రంతా ఆ మోత ఏమిటి?
రెప్ప వాలలేదు."

పక్కన కూర్చున్నాను.
ఇప్పుడు ఈవిడది ఏ ఊరో,
ఇన్నేళ్ళూ దేని పక్కన పడుకుందో
అడగాలి.